జలప్రళయం కథల సెషన్: మైక్‌కి ఒక స్టార్ కోత

హిమాయత్‌నగర్‌లో ఓ చిన్న హాల్లో ఆదివారం సాయంత్రం జరిగే కథల సెషన్‌కి మా అక్క కొడుకుని తీసుకెళ్లాను. టికెట్ మూడొందలు. అంశం ప్రపంచ జలప్రళయ గాథలు.

మనువు, చేప కథ మనకి తెలిసిందేగా, చకచకా కానిచ్చేశారు. శతపథ బ్రాహ్మణం అనే వేద గ్రంథంలో ఆ చేప విష్ణువని ఉండదట, మహాభారతంలోనేమో తాను బ్రహ్మనని చెప్పుకుంటుందట. మత్స్యావతారంగా మారింది పురాణాల్లో. గ్రీకుల కథలో వరద నుంచి బతికిన డ్యూకాలియన్ వెనక్కి రాళ్లు విసిరి మనుషుల్ని పుట్టించడం రెండు నిమిషాల్లో అయిపోయింది.

అసలు మజా మెసొపొటేమియా ప్రాచీన కావ్యం గిల్గమేష్ దగ్గర. 11వ మట్టి పలకలోని వరద కథని 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ గుర్తుపట్టాడు. అందులో ఓడ కట్టి బతికిన ఊత్నపిష్టిమ్, నేల తేలిందో లేదో చూడ్డానికి ముందు పావురాన్ని, తర్వాత స్వాలో పిట్టని, చివరికి కాకిని వదులుతాడు. కాకి తిరిగి రాదు. బైబిల్లో నోవహు కాకితోనే మొదలెడతాడు. నోవహు ఓడ 300 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. ఊత్నపిష్టిమ్‌ది ఎటు చూసినా 120 మూరలే. బోర్డు మీద బొమ్మ గీయగానే మావాడు "అది ఓడ కాదు పిన్నీ, డబ్బా!" అని గట్టిగా అనేశాడు, హాలంతా నవ్వులే.

మైక్ మాత్రం దారుణం, వెనక వరసలకి సగమే వినిపించింది. పైగా హైదరాబాద్‌లో కూర్చుని 1908 మూసీ వరద ఊసే ఎత్తలేదు! అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి జనం ప్రాణాలు దక్కించుకున్న ఊరండీ ఇది.

పార్కింగ్ లేదు. నారాయణగూడ మెట్రోలో దిగి నడవండి, ముందు వరసలో కూర్చోండి.