యాప్ విడుదల: చేత్తోనా, ఫాస్ట్‌లేన్‌తోనా, అద్దె యంత్రం మీదనా?

2022 వేసవిలో ఒక శనివారం తెల్లవారుజామున అయిదున్నరకు నెల్లూరు దగ్గర సముద్రతీరాన ఉన్న మైపాడు నుంచి ఒక రొయ్యల రైతు ఫోను చేశారు. "బాబూ, యాభై కౌంటు రేటు సున్నా అని చూపిస్తోంది. లారీ వచ్చి గట్టు మీద నిలబడి ఉంది. పట్టుబడి మొదలుపెట్టించనా, ఆపించనా?" ఆయనకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. కిలోకు యాభై రొయ్యలు తూగితే యాభై కౌంటు. ఆ రోజు ఆ కౌంటుకు ఎంత పలుకుతోందో మా యాప్‌లో చూసుకున్నాకే వల దింపిస్తారు. ముందు రోజు రాత్రి పదకొండు గంటలకు నెల్లూరులోని మా గదిలో కూర్చుని నేను చేత్తో విడుదల చేసిన బిల్డు (కోడ్ నుంచి ఫోన్ల కోసం కట్టిన యాప్ ప్రతి) అది. పరీక్షల కోసం వాడుకునే సర్వర్ చిరునామాను అసలు సర్వర్‌కు మార్చడం మరిచిపోయాను. ఒక్కసారే నూటికి నూరు శాతం మందికీ పంపేశాను.

వెనక్కి తీసుకుందామంటే గూగుల్ ప్లేలో పాత బిల్డును మళ్లీ ఎక్కించడం కుదరదు. పాత కోడ్‌నే తీసుకున్నా, అంతకంటే పెద్ద వెర్షన్ సంఖ్య ఇచ్చి కొత్తగా కట్టి, మళ్లీ సమీక్షకు పంపాలి. అది జనం చేతికి అందేదాకా ఆ ఉదయమంతా మేం ముగ్గురం ఫోన్లు పట్టుకుని రేట్లు నోటితో చెప్పాం. ఆ రోజు నుంచి విడుదల పని నాకు కోడ్ రాయడం కంటే బరువైన పనిగా అనిపించింది. అప్పటినుంచి మూడు పద్ధతులూ మా సొంత యాప్ మీదే వాడి చూశాం. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో ఇద్దరు ముగ్గురితో యాప్ నడుపుతున్న వాళ్లకు వాటిలో ఏది మేలో మా అనుభవం మీద చెబుతున్నాను.

మొదటిది చేత్తో చేసే పద్ధతి. దీన్ని తీసిపారేయకూడదు. కొత్త యాప్‌కు ఇది తప్పదు కూడా. గూగుల్ ప్లేకు యాప్‌లు పంపే వెబ్‌సైటు ప్లే కన్సోల్. అందులో యాప్‌ను సృష్టించి, మొదటి బండిల్‌ను (స్టోరుకు పంపే యాప్ ఫైలును) మనిషే ఎక్కించాలి. ఆ తరవాతే యంత్రాల మాట కన్సోల్ వింటుంది. 2023 నవంబరు 13 తరవాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే ఇంకో గడప ఉంది. కనీసం 12 మంది పరీక్షకులు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ అనే పరీక్షలో చేరి ఉన్నాకే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోగలం. ఆ రెండు వారాలు కన్సోల్‌లో ప్రతి పేజీ తెరిచి చూసినవారికి తరవాత యంత్రం ఎక్కడ తప్పు చేసిందో ఇట్టే తెలుస్తుంది. ఏడాదికి రెండు మూడు సార్లే మారే యాప్ అయితే గోడ మీద ఒక కాగితం అంటించుకుని, ఒక్కో మెట్టుకూ టిక్కు పెట్టుకుంటూ చేత్తోనే చేసుకోవచ్చు. దానికోసం నెల రోజులు ఆటోమేషన్ రాసుకోనక్కరలేదు.

మా యాప్ మాత్రం నెలకు మూడు నాలుగు సార్లు మారుతుంది. ప్రతిసారీ వెర్షన్ సంఖ్య పెంచాలి, సర్వర్ చిరునామా సరిచూడాలి, బండిల్ కట్టాలి, కీతో (యాప్ మనదేనని రుజువు చేసే రహస్య ఫైలుతో) సంతకం చేయాలి, కన్సోల్‌లో ఎక్కించాలి, ఏం మారిందో తెలుగులో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి 500 అక్షరాలు మించకుండా రాయాలి. ఆ తరవాత ఐఫోన్‌కు ఇదంతా ఇంకో దారిలో మళ్లీ మొదటినుంచి. అలసిన మనిషి ఏ మెట్టు దగ్గర తప్పు చేస్తాడో ముందుగా చెప్పలేం. తప్పు జరిగేది మాత్రం ఖాయం.

అందుకే రెండో పద్ధతికి వెళ్లాం. ఫాస్ట్‌లేన్ అనేది 2014లో ఆస్ట్రియాకు చెందిన ఫెలిక్స్ క్రౌజ్ మొదలుపెట్టిన ఉచిత సాధనం. రూబీ భాషలో రాసింది, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. చేయాల్సిన పనులన్నీ ఫాస్ట్‌ఫైల్ అనే ఒక ఫైలులో వరుసగా రాసుకుంటే, ఆ వరుసకు లేన్ అని పేరు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఒక్క ఆదేశం ఇస్తే మొదటినుంచి చివరిదాకా అదే నడుపుకుంటుంది. వెర్షన్ సంఖ్య తనే పెంచుతుంది, బండిల్ కడుతుంది, ప్లేకీ యాప్ స్టోర్‌కూ పంపుతుంది. తెలుగు విడుదల గమనిక కూడా కోడ్ పక్కనే ఒక ఫోల్డరులో చిన్న ఫైలుగా ఉంటుంది. మా ముగ్గురిలో భాష బాగా తెలిసినవారు దాన్ని తీరిగ్గా దిద్దగలుగుతున్నారు. రాత్రి పదకొండింటికి కన్సోల్ పెట్టెలో హడావిడిగా కొట్టే అవసరం పోయింది.

మా లేన్‌లో అన్నిటికంటే ముందు వచ్చే వరుస కోడ్‌లో ఉన్న సర్వర్ చిరునామాను చదువుతుంది. అది పరీక్షల సర్వర్‌దైతే అక్కడే ఆగిపోయి ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. మైపాడు ఫోను వచ్చిన వారంలోనే రాసిన వరుస అది. ఇప్పటికి రెండుసార్లు మమ్మల్ని ఆపింది. ఆ రెండు ఉదయాలూ ఏ గట్టు మీదా ఏ లారీ ఎదురుచూడలేదు. ఫాస్ట్‌లేన్‌కు మేం పెట్టిన శ్రమంతా ఆ ఒక్క వరుసతోనే తీరిపోయిందని నా నమ్మకం.

ఐఫోన్ వైపు ఇంకో పెద్ద మేలు మ్యాచ్ అనే భాగం. సంతకానికి కావలసిన సర్టిఫికెట్లను రహస్య లిపిలోకి మార్చి ఒక గిట్ రిపాజిటరీలో (కోడ్ దాచుకునే గిడ్డంగిలో) దాస్తుంది. మనిషి మారినా కంప్యూటర్ మారినా సర్టిఫికెట్ల కోసం వెతుక్కోనక్కరలేదు. ఆపిల్ ఖాతా పాస్‌వర్డుతో లోపలికి వెళ్తే ధ్రువీకరణ సంఖ్య ఎవరో ఒకరి ఫోనుకు వస్తుంది, ఆ మనిషి పెళ్లికి వెళ్తే పని ఆగుతుంది. ఆపిల్ వైపు కన్సోల్ అయిన యాప్ స్టోర్ కనెక్ట్‌లో ఏపీఐ కీ, అంటే పాస్‌వర్డుకు బదులు యంత్రం వాడే తాళం, తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఆ కీ ఫైలును ఒక్కసారే దింపుకోనిస్తారు. దింపిన వెంటనే భద్రమైన చోట పెట్టుకోండి.

ఫాస్ట్‌లేన్‌తో చిక్కులూ లేకపోలేదు. రూబీ వెర్షన్లు ఒకదానికొకటి పొసగక ఒక పూటంతా పోయిన రోజులున్నాయి. అంతకంటే పెద్ద చిక్కు, అది ఏదో ఒక కంప్యూటర్ మీద నడవాలి. ఐఫోన్ యాప్ కట్టాలంటే అది మ్యాకే అయి ఉండాలి. మాకున్నది ఒక మ్యాక్ మినీ.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరును వాన ముంచెత్తింది. గుంటల్లోకి వాననీరు చేరితే ఉప్పదనం పడిపోతుంది, కరెంటు పోతే ఏరియేటర్లు ఆగి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మేత తగ్గించమనీ, జనరేటర్లలో డీజిల్ చూసుకోమనీ రైతులకు హెచ్చరిక పంపే భాగాన్ని అప్పుడే రాసి ముగించాం. కోడ్ సిద్ధంగా ఉంది, పంపడానికి కరెంటు లేదు. రెండు రోజులు ఆ మ్యాక్ మినీ చీకట్లో ఉంది. హెచ్చరిక తుఫాను దాటిపోయాక చేరింది. ఆ రెండు రోజుల బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇక మూడో పద్ధతి, యంత్రాన్ని అద్దెకు తీసుకోవడం. మన దగ్గర వరి రైతు కోతయంత్రం కొనడు. కోతల రోజుల్లో గంటకింత అని మాట్లాడుకుని పిలిపించుకుంటాడు. కోత అయిపోగానే అది ఇంకొకరి పొలానికి వెళ్తుంది. గిట్‌హబ్ యాక్షన్స్, కోడ్‌మ్యాజిక్, ఎక్స్‌కోడ్ క్లౌడ్ లాంటివి ఇలాంటివే. మనం కోడ్‌ను రిపాజిటరీలోకి నెట్టగానే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ లేచి బిల్డు కట్టి స్టోరుకు పంపి ఆగిపోతుంది. నెల్లూరులో కరెంటు ఉన్నా లేకున్నా దానికి సంబంధం లేదు. ఫోను ఇంటర్నెట్ ఒక్కటి అందితే చాలు.

అద్దె లెక్క మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు రిపాజిటరీలకు నెలకు 2000 నిమిషాలు ఇస్తారు. అది లినక్స్ కంప్యూటర్ల లెక్క. మ్యాక్ మీద ఒక్క నిమిషం వాడితే పది నిమిషాలు కోసుకుంటారు. మా ఆండ్రాయిడ్ బిల్డుకు 9 నిమిషాలు, ఐఫోన్ బిల్డుకు 22 నిమిషాలు పడుతుంది. అంటే ఐఫోన్‌కు ఒక్కసారి కడితే 220 నిమిషాలు పోయినట్టే. నెలకు తొమ్మిదిసార్లు కడితే ఉచిత నిమిషాలు అయిపోతాయి. కోడ్‌మ్యాజిక్ వ్యక్తిగత ఖాతాకు నెలకు 500 నిమిషాలు మ్యాక్ మీదే ఉచితంగా ఇస్తుంది, ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ కట్టే ఫ్లట్టర్‌లో రాసేవాళ్లకు అది బాగా కలిసివస్తుంది. ఎక్స్‌కోడ్ క్లౌడ్ ఆపిల్ ఏడాది సభ్యత్వంతో పాటే వస్తుంది, నెలకు 25 గంటలు. కానీ అది ఆపిల్ యాప్‌లకే. మన రైతుల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్ కాబట్టి దానితో మన పని సగం కూడా తీరదు.

డబ్బు కంటే ఎక్కువగా ఆలోచించవలసింది తాళాల సంగతి. మన తాళాలు పరాయి యంత్రం చేతికి ఇస్తున్నాం. దీనికి ప్లే కన్సోల్‌లో చక్కని ఏర్పాటు ఉంది, చాలామంది వాడుకోవడం లేదు. యంత్రం కోసం తెరిచే సర్వీస్ ఖాతాకు పరీక్షల ట్రాకుల్లో (పరీక్షకులకు మాత్రమే యాప్ చేరే దారుల్లో) విడుదల చేసే అనుమతి ఒక్కటే ఇవ్వవచ్చు. జనానికి విడుదల చేసే అనుమతి ఇవ్వకండి. అప్పుడు ఆ ఖాతా కీ ఎవరి చేతిలో పడినా పరీక్షకులను దాటి ముందుకు పోలేరు. సంతకం విషయంలోనూ ప్లే యాప్ సైనింగ్‌లో అసలు కీ గూగుల్ దగ్గరే ఉంటుంది. మన దగ్గరుండేది అప్‌లోడ్ కీ. అది పోయినా మార్పించుకోవచ్చు. ఆపిల్ వైపు ఏపీఐ కీకి డెవలపర్ పాత్ర ఇస్తే బిల్డు పంపగలదు, సమీక్షకు పెట్టలేదు.

ఒంగోలులో ఒక తమ్ముడు పొగాకు రైతుల కోసం యాప్ చేస్తున్నాడు. వేలం కేంద్రాల్లో ఏ రోజు ఎన్ని బేళ్లు అమ్ముడుపోయాయో, కిలో సగటు ధర ఎంత పలికిందో అందులో చూపిస్తాడు. అతను ఫాస్ట్‌లేన్ జోలికి పోకుండా నేరుగా ఒక అద్దె సేవలో చేరాడు. మెట్లన్నీ ఆ సేవ తెర మీదే మౌసుతో అమర్చుకున్నాడు, ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోయింది. మేం మూడు వారాలు తీసుకున్న పని అది, చూసి ముచ్చటపడ్డాను. ఏడాది తరవాత ఆ సేవ తన ఉచిత పథకాన్ని మార్చింది. "అన్నా, అమర్చినవన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. బయటికి తెచ్చుకునే దారి లేదు. మళ్లీ మొదటినుంచి చేయాలి" అని ఫోను చేశాడు. వేలాలు జోరుగా సాగుతున్న రోజులవి.

మేం ఎటు మొగ్గామో అతనికి అప్పుడే చెప్పాను. వంట విధానం మనది, పొయ్యి అద్దెది. మెట్లన్నీ ఫాస్ట్‌ఫైల్‌లో, మన రిపాజిటరీలో ఉండాలి. అద్దె యంత్రం చేసేది ఆ లేన్‌ను పిలవడం ఒక్కటే. అప్పుడు గిట్‌హబ్ నుంచి కోడ్‌మ్యాజిక్‌కు మారాలన్నా, ఏదీ లేనప్పుడు మ్యాక్ మినీ మీదే నడపాలన్నా పది పదిహేను వరుసలు మారిస్తే చాలు. ఇద్దరు ముగ్గురుండి తరచూ విడుదల చేసే జట్టుకు ఇదే మేలని గట్టిగా చెబుతాను. ఒక్కరే ఉండి ఆండ్రాయిడ్ మాత్రమే చేస్తుంటే అద్దె యంత్రం కూడా అవసరం లేదు, సొంత ల్యాప్‌టాప్‌లో ఫాస్ట్‌లేన్ సరిపోతుంది.

కోడ్ నెట్టగానే నేరుగా జనం ఫోన్లలోకి వెళ్లిపోయేలా అమర్చుకున్నవాళ్లూ ఉన్నారు. మాకు అది సరిపడదు. మా యంత్రం అంతర్గత పరీక్షల ట్రాకు దాకా వెళ్లి ఆగుతుంది. ఆ ట్రాకులో 100 మంది దాకా ఉండవచ్చు, మావాళ్లు 23 మంది. అక్కడినుంచి జనంలోకి వదిలేది మనిషి. మంగళవారం పగలు పదకొండింటికి 5 శాతంతో మొదలుపెడతాం. మరునాడు తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా, అంటే రైతులు రేటు చూసే వేళకు, ఇద్దరం లేచి కూర్చుంటాం. ఏదైనా తేడా కనబడితే విడుదలను ఆపేయవచ్చు, అప్పటికే అప్‌డేట్ అందిన 5 శాతానికే నష్టం పరిమితమవుతుంది. ఆపిల్‌లో శాతాలు మన ఇష్టం కాదు. దశలవారీ విడుదల ఎంచుకుంటే ఏడు రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 అని అదే పెంచుతూ పోతుంది, మధ్యలో నిలిపే వీలు మనకు ఉంటుంది.

మైపాడు పెద్దాయన ఇప్పుడు ఆ 23 మందిలో ఒకరు. కళ్లద్దాలు లేకుండా చూడటానికి ఫోనులో అక్షరాలు అన్నిటికంటే పెద్దవి పెట్టుకుంటారు. పోయిన వారం ఫోను చేసి, "పట్టుబడి అనే చోట ట కింద వత్తు కనబడటం లేదు బాబూ, పటుబడి అని చదవాల్సి వస్తోంది" అన్నారు. ఫాస్ట్‌లేన్ తీసిన తెరచిత్రాలన్నీ (స్క్రీన్‌షాట్లన్నీ) తిరగేశాను. మామూలు సైజు అక్షరాల్లో వత్తు నిండుగా ఉంది. ఆయన సైజు పెట్టి చూస్తే బొత్తం అంచు దగ్గర తెగిపోతోంది. బొత్తం ఎత్తు పెంచాను. పెద్ద అక్షరాలతో కూడా తెరచిత్రాలు తీసేలా లేన్‌లో ఇంకో మెట్టు చేర్చాను. ఆ బిల్డు నిన్న రాత్రి ఆయన ఫోనుకు వెళ్లింది, ఇంకా కబురు రాలేదు.