మా వైర్‌లెస్ ఫాలో ఫోకస్: ఓర్వకల్లు రాళ్ల నడుమ, కొండారెడ్డి బురుజు ముందర

కర్నూలులో లఘుచిత్రాలు తీసే మా బృందం నిరుడు మధ్యస్థాయి ధరలో ఒక వైర్‌లెస్ ఫాలో ఫోకస్ సెట్టు, అంటే లెన్సును ముట్టుకోకుండా దూరం నుంచే ఫోకస్ మార్చే సాధనం, కొనుక్కుంది. షాటు నడుస్తుండగా ఫోకస్ మార్చే మనిషి, అంటే ఫోకస్ పుల్లర్, చేతిలో చక్రం ఉన్న యూనిట్ ఉంటుంది. లెన్సు పక్కన 15 మిల్లీమీటర్ల మందం ఉన్న రాడ్డుకు మోటారు బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంత మేర మోటారు పళ్లు లెన్సు రింగును తిప్పుతాయి. పెద్ద సినిమాలలో వాడే ఆరి, ప్రెస్టన్ కంపెనీల సెట్ల మూలసూత్రమూ ఇదే.

దీని విలువ మాకు ఓర్వకల్లు రాతివనంలో తెలిసింది. నటుడు రాళ్ల మధ్య నుంచి కెమెరా వైపు నడిచి వస్తుంటే గింబల్ (కెమెరా ఊగకుండా నిలిపే చేతి సాధనం) వెనక్కి జరగాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై 85 మిల్లీమీటర్ల లెన్సును 1.8 అపర్చర్‌తో (లెన్సు ద్వారాన్ని బాగా తెరిచి) వాడితే, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా కనిపించే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. గింబల్ పట్టుకున్నవాడు లెన్సును ముట్టుకుంటే షాటు ఊగిపోతుంది కనుక, మునుపు ఇలాంటి షాట్లు మేము తలపెట్టేవాళ్లమే కాదు. ఇప్పుడు మా ఫోకస్ పుల్లర్ పక్క బండపై నిలబడి, ముందే టేపుతో కొలిచి చక్రపు తెల్ల పట్టీపై పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులను అనుసరించి, మూడో టేకులోనే కళ్లపై ఫోకస్ నిలిపాడు. వైర్‌లెస్ మానిటర్‌లో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది కాబట్టి, మానిటర్‌నే నమ్ముకోకుండా నటుణ్ణీ దూరాన్నీ చూస్తూ తిప్పడం అతనికి మేలైంది.

అయితే లెన్సు మార్చిన ప్రతిసారీ కాలిబ్రేషన్ చేయాలి. మోటారు రింగును ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి, రెండు చివరలనూ గుర్తుంచుకుంటుంది. సినిమా లెన్సులకు, పాత మాన్యువల్ లెన్సులకు ఈ చివరలు గట్టిగా ఉంటాయి. ఫోకస్‌ను విద్యుత్తుతో నడిపే కొత్త ఫోటో లెన్సులలో చాలావాటికి రింగు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, వేగంగా తిప్పితే ఒక దూరం, నెమ్మదిగా తిప్పితే మరో దూరం వస్తుంది. అలాంటి లెన్సుపై గుర్తులు నిలవవు. మా బృందంలో ఒకరు అలాంటి లెన్సుతోనే ఉదయమంతా ప్రయత్నించి విసిగిపోయారు. కొనదలచినవారు ముందు తమ లెన్సులను చూసుకోవాలని నా గట్టి మాట. రాడ్డు బిగింపు వదులైనా ఇదే చిక్కు వస్తుంది: మోటారు పక్కకు జరిగి, గుర్తులన్నీ తప్పుతాయి.

సాయంత్రం కొండారెడ్డి బురుజు ముందర చక్రం తిప్పినా మోటారు రెండుసార్లు ఆలస్యంగా కదిలింది. ఈ సెట్టు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తుంది. చుట్టూ ఉన్న దుకాణాల వైఫై, జనం చేతులలోని ఫోన్ల బ్లూటూత్ కూడా అదే తరంగాల పట్టీలో నడుస్తాయి. ఛానల్ మార్చి, కెమెరా వెనుక దాగిన యాంటెన్నాను బయటికి తీసి పైకి నిలిపాక ఇబ్బంది చాలావరకు తగ్గింది. అయినా ఒక మంచి టేకు పోయింది, అది నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది. అందుకే బురుజు దగ్గర ట్రైపాడ్ షాట్ల కోసం పాత చేతి ఫాలో ఫోకస్‌ను కూడా పెట్టెలో సర్దుకుని వెళుతున్నాము.