టెస్ట్‌డిస్క్: ఆ ‘పి’ కీ కోసమే ఇన్నేళ్లుగా వాడుతున్నాను

పార్టిషన్లు (డిస్కును విడగొట్టిన భాగాలు) పోయిన డిస్కుల్ని బాగుచేయడానికి చాలా ఏళ్లుగా టెస్ట్‌డిస్క్‌నే వాడుతున్నాను. 2019 నాటి 7.1 వెర్షన్ నుంచి 2024లో వచ్చిన 7.2కి మారినా, క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఈ ఉచిత ప్రోగ్రామ్ తెర అదే నల్లతెర. దాన్ని ఎలా తెరవాలో, పోయిన పార్టిషన్లను త్వరగా వెతికే క్విక్ సెర్చ్ ఎక్కడుందో అందరికీ తెలిసిందే. నాకు ప్రాణంలా అనిపించే సదుపాయం మాత్రం ఒకటుంది. వెతుకులాటలో దొరికిన పార్టిషన్ మీద నిలబడి ‘పి’ నొక్కితే లోపలున్న ఫోల్డర్లు కనిపిస్తాయి. అప్పటికింకా ఆ డిస్కు మీద ఒక్క బైటు కూడా రాసి ఉండదు.

దాని విలువ మా అక్కావాళ్ల కంప్యూటర్ దగ్గర తెలిసింది. ఒక దుకాణంలో విండోస్ కొత్తగా వేయించుకుని వచ్చేసరికి పిల్లల ఫొటోలున్న పార్టిషన్ లేదు. ఆ చోటంతా ఖాళీ అని చూపిస్తోంది. పాత లినక్స్ తాలూకు స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) మాత్రం అలాగే మిగిలింది. నా పెన్‌డ్రైవ్‌లోని లైవ్ లినక్స్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) బూట్ చేస్తుంటే అక్క పక్కనే నిలబడి, “పోయినవి పోయాయి గానీ, ఉన్నవి కూడా పాడు చేయకురా” అంది.

క్విక్ సెర్చ్‌లో పనికొచ్చేది ఏమీ రాలేదు. డిస్కంతా గాలించే డీపర్ సెర్చ్ పెడితే చాలాసేపు తిరిగి, దాదాపు ఒకే చోట మొదలయ్యే రెండు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్) పార్టిషన్లు చూపించింది. డిస్కును గతంలో ఎప్పుడో వేరేలా విడగొట్టి ఉంటారు, ఆ ఆనవాళ్లు కూడా పైకి వచ్చాయి. రెండింటినీ ఉంచుదామంటే ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయి కాబట్టి ‘స్ట్రక్చర్: బ్యాడ్’ అంటుంది. మరి ఏది అసలుది? సైజు చూసి చెప్పలేం. మొదటిదాని మీద ‘పి’ నొక్కితే ఫైల్‌సిస్టమ్ తెరవలేనంది. రెండోదాని మీద నొక్కగానే బారసాల, తిరుపతి, స్కూల్ యానివర్సరీ ఫోల్డర్లు వరసగా దిగాయి. అక్క ముఖంలో టెన్షన్ అక్కడే సగం తగ్గింది. ఆ జాబితా నుంచే అన్నీ ఎంచుకుని ‘సి’తో బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. ‘రైట్’ (దొరికిన పార్టిషన్ పట్టికను డిస్కు మీద రాసే మెనూ) జోలికి ఆ తర్వాతే వెళ్లాను.

చిక్కు వచ్చింది అక్కడే. రాయడం పూర్తయింది, మార్పు కనిపించాలంటే రీబూట్ చేయమంది. కానీ కొత్త పార్టిషన్‌ను మౌంట్ చేసి (వాడుకోవడానికి తెరిచి), మిగిలినవన్నీ ఒకసారి సరిచూసుకున్నాకే ఆ మెషీన్‌ను ఆపాలని నా పట్టుదల. డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో చూస్తే ఇంకా పాత పట్టికే. బ్లాక్‌డెవ్ కమాండ్‌తో పట్టికను మళ్లీ చదవమంటే ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’. ఆ డిస్కులో ఏ పార్టిషన్ కూడా మౌంట్ అయి లేదు, మరి ఎవరు పట్టుకుని ఉన్నట్టు? మౌంట్ల జాబితాలో ఎంత వెతికినా జవాబు లేదు. చివరికి వాడకంలో ఉన్న స్వాప్‌ను చూపే ‘స్వాపాన్ --షో’ కొడితే బయటపడింది: లైవ్ సిస్టమ్ బూట్ అవుతూనే ఆ మిగిలిన స్వాప్ పార్టిషన్‌ను తనంతట తాను వాడకంలోకి తెచ్చుకుంది. స్వాప్ మౌంట్ల జాబితాలో కనిపించదు. ఒక్క పార్టిషన్ వాడకంలో ఉన్నా ఆ డిస్కు పట్టికను కెర్నెల్ (లినక్స్ మూలభాగం) మొత్తంగా మళ్లీ చదవదు. స్వాప్‌ను ఆపే ‘స్వాపాఫ్ -ఎ’ కొట్టి మళ్లీ చదివిస్తే వెంటనే కొత్త పార్టిషన్ కనిపించింది. అప్పటినుంచి టెస్ట్‌డిస్క్ తెరవకముందే ఈ రెండు స్వాప్ కమాండ్లూ కొడుతున్నాను. ఎల్‌వీఎం (డిస్కుల చోటును కలిపి, విడగొట్టి వాడే లినక్స్ పద్ధతి) ఉన్న డిస్కులైతే దాన్ని ఆపే ‘వీజీఛేంజ్ -ఏఎన్’ కూడా.

లాగ్ విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం ఉంది. టెస్ట్‌డిస్క్‌ను ఏ ఫోల్డర్‌లోంచి నడిపిస్తే లాగ్ ఫైల్ అక్కడే పడుతుంది. లైవ్ సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ సాధారణంగా ర్యామ్‌లో ఉంటుంది. అది చెప్పినట్టే రీబూట్ చేస్తే ఏ సెక్టార్ దగ్గర ఏం దొరికిందో చెప్పే లాగ్ మొత్తం పోతుంది. రీబూట్ చేయమన్న ఆ తెర మీదే లాగ్ దాచుకోమని ఒక ముక్క ఉంటే ఎంత బాగుండేది! ముందే బయటి డ్రైవ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి నడిపించడమే దీనికి మందు.

‘పి’ని ఇంతగా మెచ్చుకున్నాను గానీ, అది చూపించేది పేర్లు. పేరు కనిపించిన ప్రతి ఫొటో తెరుచుకోలేదు. మీద వేరే డేటా పడిన చోట ఉన్న కొన్ని సగం వరకే వచ్చి, కింద బూడిదరంగు పట్టీలయ్యాయి. లినక్స్‌లో వాడే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ లోపలికి ఈ కీ తీసుకెళ్లదు. లక్స్ అనే లినక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్ హద్దులు దొరకొచ్చు గానీ లోపలి ఫైళ్లు చూపించదు.

నాకు వచ్చేవన్నీ ఇంటి కంప్యూటర్లు, ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా లినక్స్ వాడే ఎక్స్‌ట్4 డిస్కులు. పక్కన కాపీకి సరిపడా ఖాళీ డ్రైవ్ ఒకటి ఉంచుకుంటాను. ఈ పరిస్థితుల్లో మరో పనిముట్టు కోసం వెతకాల్సిన అవసరం నాకు రాలేదు. రెయిడ్ (పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే) సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. కటకటమని చప్పుడు చేసే డిస్కు మీదైతే నేనూ దీన్ని నేరుగా నడపను. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీసుకుని, టెస్ట్‌డిస్క్‌ను ఆ ఇమేజ్ మీద నడుపుతాను.