వల వేసి లెక్కపెట్టాలా, బాటిల్ నీళ్లతో తేల్చాలా?

గండిపేట పైన మూసీలో చేపలెన్నున్నయో తేల్చాలంటే పాత పద్ధతి వల వేయడమే. 100 చేపల్ని పట్టి రెక్క దగ్గర చిన్న ట్యాగ్ వేసి వదిలేస్తారు, కొన్ని రోజులాగి మళ్లీ 80 పడితే అందులో 20కి ట్యాగ్ ఉందనుకోండి, అంటే నాలుగో వంతు మనం గుర్తుపెట్టినవే, సో మొత్తం దాదాపు 400. కాకపోతే మధ్యలో ట్యాగ్ ఊడినా, బయటి చేపలొచ్చి కలిసినా లెక్క తప్పుతది. పైగా వల కన్ను సైజుని బట్టి చిన్నవి జారిపోతయి, గడ్డిలో నక్కిన కొర్రమీను అంత ఈజీగా చిక్కదు.

రెండోది ఈడీఎన్ఏ, అంటే జీవులు చుట్టూ ఉన్న నీళ్లలో వదిలే డీఎన్ఏ. చేపల పొలుసు, జిగురు నీళ్లలో కలుస్తయి కదా, ఆ నీళ్లని సన్న ఫిల్టర్‌లో పోసి, అంటుకున్న డీఎన్ఏ చదివి ఏ జాతులున్నయో చెప్తారు. మన అత్తాపూర్‌లోని సీసీఎంబీ లాకోన్స్ (అంతరించిపోయే జీవుల్ని కాపాడే పరిశోధన ల్యాబ్) వాళ్లు చిలికా సరస్సు నీళ్లతో ఇలాంటి పనే చేశారు. చేపకి దెబ్బ తగలదు, అది సూపర్. కానీ సిటీలో మూసీ నీళ్లు తీస్తే చేపల మార్కెట్ కడిగిన మురుగు వల్ల సముద్రపు చేప కూడా ఉన్నట్టు చూపించొచ్చు 😄

చేప ఎంత పొడుగు, ఎంత వయసు, కడుపులో గుడ్లున్నయా అన్నది బాటిల్ నీళ్లు చెప్పవు, వేట ఎప్పుడు ఆపాలో, ఏ కన్ను వలకి పర్మిషన్ ఇవ్వాలో తేల్చేది ఆ వివరాలే కాబట్టి నా ఓటు వలకే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటిది కొత్తగా దూరిందేమో అని డౌటొస్తే మాత్రం ముందు నీళ్లే టెస్ట్ చేయాలి.