గాలాపగోస్: ఎనిమిది రోజులు ఓడ మీద, నాలుగు రోజులు ఒడ్డున

మా ఆయన వైజాగ్ పోర్టులో ముప్ఫై ఒక్కేళ్లు చేసి రిటైరయ్యారు. "నాకు ఓడలు కొత్తా?" అని బయల్దేరే ముందు వాంతుల మాత్రలు పక్కన పడేశారు. ఆయన ఓడల్ని చూసిందంతా ఒడ్డున, బెర్తు గట్టు మీద నిలబడి. గాలాపగోస్‌లోని ఇసబెలా దీవి ఉత్తరపు కొస చుట్టి భూమధ్యరేఖ దాటుతున్న రాత్రి ప్లాస్టిక్ బకెట్టు ఒళ్లో పెట్టుకుని సింహాద్రి అప్పన్నని తలుచుకుంటూ కూర్చున్నారు. కాబట్టి ముందు ఆ ముక్క చెప్పేస్తాను. సెప్టెంబరులో అక్కడి సముద్రం మహా దురుసు. మాత్రలు లంగరు ఎత్తక ముందే మింగాలి. తర్వాత మింగినవి బకెట్టులోకే పోతాయి.

వైజాగ్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా ఈక్వెడార్ రాజధాని క్విటో. క్విటో 2,850 మీటర్ల ఎత్తున ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఒకరోజు ఆగడం మంచిదే. గాలాపగోస్ దీవులు ఈక్వెడార్ తీరానికి పడమరగా సముద్రంలో దాదాపు 1,000 కిలోమీటర్లు. దీవుల్లోకి వెళ్లడానికి క్విటో ఎయిర్‌పోర్టులోనే 20 డాలర్ల ట్రాన్సిట్ కార్డు కొనాలి. దీవుల్లో దిగాక నేషనల్ పార్కు రుసుము తలకి 200 డాలర్లు. 2024 ఆగస్టు దాకా అది వందే ఉండేదట, మేము వెళ్లేసరికి రెట్టింపయింది. మేము రొక్కం లెక్కపెట్టి ఇచ్చాం.

క్విటో ఎయిర్‌పోర్టులోనే నా పోపుడబ్బా దొరికిపోయింది. బయటి విత్తనం ఒక్కటి కూడా దీవుల్లో మొలకెత్తకూడదని ప్రతి బ్యాగూ స్కాన్ చేసి సీలు వేస్తారు. ఆవాలు, మెంతులు, జీలకర్ర బల్ల మీద పరిచి ఆ తనిఖీ అమ్మాయి నావైపు చూసిన చూపు కస్టమ్స్ వాళ్లు దొంగబంగారం పట్టుకున్నప్పటి చూపు. "ఊరగాయలో కూడా ఆవాలే కదే" అని మా ఆయన తెలుగులో గొణిగారు. నేను ఆయన కాలు తొక్కాను.

ఇక అసలు సంగతి, ఏ ఓడ ఎక్కాలన్నది. ఏజెంటు మమ్మల్ని వందమంది పట్టే ఓడ ఎక్కించాలని శతవిధాలా చూశాడు. బాల్కనీ, జాకుజీ, రాత్రి పూట గిటారు. అయితే ఎంత పెద్ద ఓడయినా అక్కడ వందమందికి మించి ఎక్కించుకోకూడదు, దీవి మీదికి గైడు లేకుండా దిగకూడదు, ఒక గైడు వెంట 16 మందికి మించి ఉండకూడదు. అంటే పెద్ద ఓడలో డబ్బులిచ్చి వంతులవారీగా దిగడమే. మేము 16 మంది పట్టే చిన్న ఓడే తీసుకున్నాం. తలకి రోజుకి నాలుగొందల డాలర్లు దాటింది. ఇంతకన్నా తక్కువకి దొరికేవి ఉన్నాయి కానీ, రేవులో ఒకటి చూశాను, నేనయితే ఎక్కను.

ఓడకన్నా రూటు ముఖ్యమని నాకు ఆలస్యంగా తెలిసింది. పార్కు వాళ్లు ఒక్కో ఓడకి దారి రాసిచ్చేస్తారు, రెండు వారాల్లోపు అదే చోటికి మళ్లీ వెళ్లడానికి లేదు. అందుకని ఏ ఓడా వారంలో అన్నీ చూపించదు. తూర్పు రూటులో ఎస్పన్యోలా దీవి, అక్కడ ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఆల్బట్రాస్ పక్షులు. పడమటి రూటులో ఫెర్నాండినా, ఇసబెలా. కుర్ర అగ్నిపర్వతాలు, పెంగ్విన్లు, ఎగరలేని నీటికాకులు. మేము పడమర పట్టుకున్నాం. ఆల్బట్రాస్ చూడలేదన్న దిగులు నాకింకా ఉంది.

కేబిన్ విషయంలో మాత్రం బుద్ధిగా మోసపోయాం. కిటికీ పెద్దదని పై డెక్కులో ఎక్కువ పెట్టి తీసుకున్నాం. పైకి పోయేకొద్దీ ఊగుడు ఎక్కువ. కింది డెక్కులో ఓడ నడిమధ్య ఉన్నవాళ్లు హాయిగా పడుకున్నారు. మరీ వెనక్కి వద్దు, అక్కడ ఇంజిను మోత. ఓడ తిరిగేదంతా రాత్రిపూటే, పగలు లంగరు వేసి ఉంటుంది. పెద్ద కిటికీలోంచి మేము చూసింది చీకటే.

రోజుకి రెండుసార్లు రబ్బరు పడవలో ఒడ్డుకి దింపుతారు. కొన్నిచోట్ల రాళ్ల మీదికి, కొన్నిచోట్ల మోకాలిలోతు నీళ్లలోకి. చీరలు సర్దుకోకండి. సాయంత్రం ఆరయ్యేసరికి దీవి మీద మనిషన్నవాడు ఉండకూడదు.

ఫెర్నాండినా గురించి చెప్పాలి. 2024 మార్చిలో కూడా పేలిన కొండ అది. రేవంతా నల్ల లావా, పెనం మీద మాడిన దోసెపిండిలా ముడతలు ముడతలుగా గట్టిపడి ఉంది. ఆ రాయి కదులుతోందనుకున్నాను. కాదు, ఇగ్వానాలు. మన ఉడుములకి చుట్టాల్లా ఉంటాయి, వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి పడి ఎండ కాగుతున్నాయి. ప్రపంచంలో సముద్రంలో మునిగి పాచి మేసే బల్లిజాతి ఇదొక్కటే. ఒంట్లో చేరిన ఉప్పుని ముక్కులోంచి తుమ్మి పారేస్తాయి. ఒకటి తుమ్మితే పక్కదాని నెత్తిన పడి ఎండి తెల్లగా పేరుకుంటుంది. ఏ నెత్తి చూసినా విభూతి పెట్టినట్టే ఉంది. అరగంట సేపు ఆ తుమ్ములు వింటూ కూర్చున్నాం, ఎవరూ ఫొటో తీయలేదు.

కొంచెం అవతల నీటికాకుల గూడు. వాటి రెక్కలు చిరిగిన గొడుగులా ఉంటాయి, ఎగరడం ఎప్పుడో మానేశాయి. మగది నీళ్లలోంచి వచ్చి ముక్కున తెచ్చిన పాచిని గూట్లో కూర్చున్న ఆడదానికి అందించింది. ఆవిడ తీసుకుని, ఇటు పెట్టి, నచ్చక అటు పెట్టింది. "ఏం తెచ్చినా ఇంతే" అన్నారు మా ఆయన.

జంతువులకి రెండు మీటర్ల దూరంలో ఆగాలన్నది రూలు. సీ లయన్ (ఒడ్డుకొచ్చి పడుకునే సముద్ర జంతువు) పిల్లలు దాన్ని లెక్కచేయవు, ఒకటొచ్చి నా చెప్పు వాసన చూసిపోయింది. గైడమ్మాయి ఆ దీవుల్లోనే పుట్టిన పిల్ల, కాలు కదపొద్దని సైగ చేసింది. ఆ పిల్ల లేకపోతే నాకు అక్కడ రాళ్లే కనిపించేవి. ఉర్బీనా తీరంలో చెట్ల మధ్య ఎండిపోయిన పగడపు దిబ్బ చూపించి, 1954లో సముద్రపు అడుగు కొన్ని మీటర్లు ఒక్కసారిగా పైకి లేచిందని చెప్పింది. మా ఆయన పుట్టిన ఏడాది అది.

భూమధ్యరేఖ మీద నీళ్లు వెచ్చగా ఉంటాయనుకున్నాను. పళ్లు టకటకలాడాయి. పడమటి నుంచి సముద్రం అడుగున వచ్చే చల్లటి ప్రవాహం ఈ దీవులకి తగిలి పైకి తన్నుకొస్తుంది, పెంగ్విన్లు అక్కడ బతకడానికి అదే ఆధారం. నీళ్లలో చలి ఆగడానికి ఓడవాళ్లు అద్దెకిచ్చిన వెట్‌సూటు మోచేయి దగ్గర చిరిగి ఉంది. అడిగితే అదే సైజు ఉందన్నారు. అద్దె మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

భోజనం పర్వాలేదు. ఏజెంటు చెప్పిన "వెజిటేరియన్ దొరుకుతుంది" అన్న మాటకి అర్థం అన్నం, బీన్సు, అరటికాయ వేపుడు. శనివారం మా ఆయన నీచు ముట్టరు. ఆ శనివారం రాత్రి బల్ల మీద కాల్చిన ట్యూనా పెట్టారు. ఆయన వాచీ చూసుకుని, వేళ్ల మీద పదకొండున్నర గంటలు లెక్కపెట్టి, "వైజాగ్‌లో ఆదివారం తెల్లారింది" అని ప్లేటు లాక్కున్నారు.

ఓడ దిగాక సాంతా క్రూజ్ దీవిలో, ప్యుయెర్తో అయోరా ఊళ్లో నాలుగు రోజులున్నాం. చిన్న హోటలు, ఫ్యాను, శుభ్రమైన బాత్రూము. ఓడలో ఒకరోజు ఖర్చుతో ఇద్దరం ఇక్కడ రెండు రోజులు గడిపాం. పొద్దున్నే చేపల బజారుకి వెళ్లేవాళ్లం. నాలుగు బల్లలంత బజారు. చేపలు కోసే ఆవిడ పక్కన ఒక సీ లయన్, పాత ఖాతాదారులా బల్ల మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. వెనకాల పెలికాన్లు, మన గూడబాతుల్లాంటివి. ఆవిడ కత్తి ఆపకుండానే మోచేత్తో పెలికాన్‌ని పక్కకి నెట్టింది. మన ఫిషింగ్ హార్బరులో పిల్లుల్ని అదిలించినట్టే. ఓడ మీద వారం రోజులు మడిగట్టుకుని దూరం నుంచి చూసిన జంతువులు ఇక్కడ బెంచీల మీద పడుకుని గురకపెడుతున్నాయి.

లోన్సమ్ జార్జిని కూడా చూశాం. పింటా దీవి తాబేళ్లలో ఆఖరిది, 2012లో పోయింది. దాన్ని పాడవకుండా చేసి చల్లటి అద్దాల గదిలో మెడ చాచి నిలబెట్టారు. బతికినవి కావాలంటే ఎగువన తోటల్లోకి పోవాలి. పొగమంచులో తడుస్తూ జామకాయలు నములుతున్నాయి.

వచ్చినప్పటి నుంచి ఆర్కే బీచిలో నడిచేటప్పుడు మాకిదే తగువు. ఓడ వద్దు, ఒడ్డునే ఉందామంటారు ఆయన. నాకు ఆల్బట్రాస్ కావాలి. మొన్న ఆయనే కనిపెట్టారు, శాన్ క్రిస్టోబల్ దీవి నుంచి స్పీడ్ బోటులో ఎస్పన్యోలా ఒక్కరోజులో చూసి రావచ్చట. "హోటల్లో పడుకోవచ్చు, ఊగుడుండదు" అని సంబరంగా ఉన్నారు. స్పీడ్ బోటు ఓడకన్నా ఎంత ఎగురుతుందో నేనింకా చెప్పలేదు.