అప్పు బాధ: మనసులో దాచుకోవాలా, ఇంట్లో చెప్పాలా?

అనంతపురం వైపు వాన ముఖం చాటేసి శెనక్కాయ చేను ఎండిన ఏడాది చాలా రైతు ఇళ్లలో ఇదే టెన్షన్. అప్పు సంగతి ఇంట్లో చెప్పాలా, తనలోనే పెట్టుకోవాలా?

ఖర్చు: దాచుకుంటే ఆ రోజుకు ఏమీ పోదు. తర్వాత నిద్ర పట్టదు, మాట తూలుతుంది. చెబితే ఆ రాత్రి ఏడుపో గొడవో తప్పదు.

శ్రమ: దాచడానికే ఎక్కువ. మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1990లలో చేసిన ప్రయోగాల్లో, బాధను ముఖంలో కనపడనీయకుండా ఆపుకున్నవాళ్లకు లోపలి బాధ తగ్గలేదు. గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి మాత్రం పెరిగింది. మగవాడు ఏడవకూడదని మనం ఇంకా పిల్లలకు నేర్పుతూనే ఉన్నాం, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

రిస్కు: చెబితే పరువు పోతుందని భయం. దాచితే వడ్డీ పెరిగి, సంగతి బయటివాళ్ల నోట భార్యకు తెలుస్తుంది. ఆ దెబ్బే పెద్దది.

కోపంలో ఉన్నప్పుడు, లేదా తెల్లారితే పిల్లలకు పరీక్ష ఉన్నప్పుడు, ఒక రాత్రి ఆగడమే మంచిది. అప్పు లెక్క తేలాక ఆలుమగలు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. పక్కనున్నవాళ్లకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు.