కడప కేంద్రంగా పాటల యాత్ర: వినికిడి, వసతి, ప్రయాణం

పాటను ఎదుట కూర్చుని వినాలన్న కోరికతో ఊళ్లు తిరిగేవారికి రాయలసీమ అంత తొందరగా గుర్తుకు రాదు. చెన్నై డిసెంబరు సభలు, విజయవాడ, హైదరాబాదు వేదికలే ముందుగా మనసులో మెదులుతాయి. యాభై దాటిన నాబోటి శ్రోతకు మాత్రం కడపలో బస పెట్టుకుని చుట్టుపక్కల తిరిగితే దొరికే సంగీతం తక్కువేమీ కాదనిపించింది. అయితే ఇక్కడ చాలా భాగం ఆరుబయట, రాతి ప్రాంగణాల్లో, వేలమంది జనం మధ్య జరుగుతుంది గనుక, ఎవరు పాడుతున్నారన్నది ఎంత ముఖ్యమో, ఆ గొంతు మన చెవిదాకా ఏ తీరున చేరుతోందన్నదీ అంతే ముఖ్యం. కూర్చునే చోటు, మైకుసెట్టు, రాత్రి తిరిగి వచ్చే దారి, పడుకునే గది, వీటన్నిటినీ కలిపే ఇక్కడ తూచి చెబుతున్నాను.

కడప ముంబై–చెన్నై రైలు మార్గంలో ఉంది కాబట్టి చేరుకోవడం సులభం. బస్టాండు పరిసరాల్లోని లాడ్జీలు చవకగానే దొరుకుతాయి గానీ, గంటల తరబడి పాట విన్న చెవులకు రాత్రి నిశ్శబ్దం కావాలి. నేను మొదట దిగిన లాడ్జీలో కిటికీ కిందనే జనరేటరు ఉండడంతో తెల్లవార్లూ నిద్ర లేదు. మరుసటి రోజు మరోచోట వెనుకవైపు గది అడిగి తీసుకున్నాను. అద్దె కొంచెం ఎక్కువైనా ఆ మార్పు నాకు ఎంతో మేలు చేసింది. గది చూడకుండా, కిటికీ తెరిచి ఒక్క నిమిషం వినకుండా డబ్బు కట్టవద్దని తోటి శ్రోతలకు నా మనవి.

కడపలో వినదగినవాటిలో నేను మొదట చెప్పేది అమీన్ పీర్ దర్గా ఉరుసులో జరిగే ఖవ్వాలీ, అంటే సూఫీ భక్తిగానం. స్థానికులు దీన్ని పెద్ద దర్గా అంటారు. ఉరుసు హిజ్రీ నెలల లెక్కన జరుగుతుంది కాబట్టి మన క్యాలెండరులో ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తూ ఉంటుంది. తేదీ రూఢి చేసుకున్నాకే టికెట్టు తీసుకోవాలి. సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ ఇక్కడికి తరచుగా వస్తారన్నది అందరికీ తెలిసినదే. గంధం రోజున జనం పోటెత్తుతారు, ఆ రెండు మూడు రోజులు ఊళ్లో గది దొరకడం కష్టం.

ఖవ్వాలీ బృందం రెండు వరుసలుగా కూర్చుంటుంది. ముందు వరుసలో హార్మోనియంతో ప్రధాన గాయకులు, వెనుక వరుసలో చప్పట్లు చరుస్తూ వంత పాడేవారు. ఆ చప్పట్లే ఈ పాటకు ఊపిరి. మైకులు ముందువారికే దగ్గరగా ఉండడం వల్ల, స్పీకరు పెట్టెల పక్కన కూర్చుంటే డోలక్ బరువు ధ్వనిలో చప్పట్లూ వంతపాటా మునిగిపోతాయి. నేను పెట్టె దగ్గరి నుంచి లేచి, రెండు వైపుల పెట్టెలకూ సమాన దూరంలో, జనంలో మూడోవంతు వెనక్కి వెళ్లి కూర్చున్నాను. అక్కడ గాయకుడు ఒక పాదాన్ని ఎత్తుకుని, తిప్పి తిప్పి అని, చివరి మాట దగ్గర ఆగితే, వెనుకవారు అందుకునే ఆ క్షణం స్పష్టంగా వినిపించింది. మధ్యవయసులో చెవి పైస్థాయి ధ్వనులను కొంత కోల్పోతుందంటారు. ఆ రాత్రి చప్పట్ల పదును నాకు ఏ లోటూ తెలియనివ్వలేదు. తలకు రుమాలు, విడువడానికి సులువైన చెప్పులు, నేల మీద పరుచుకునేందుకు ఒక దుప్పటి ఉంటే చాలు. నిర్వాహకులు ఎంతో ఆదరంగా చోటు చూపించారు.

రెండవది రాజంపేట దగ్గరి తాళ్లపాక. అన్నమయ్య 1408లో పుట్టిన ఊరు. ఆయన 32,000 సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి, రాగిరేకుల మీద చెక్కిన వాటిలో దొరికినవే మనం ఈనాడు పాడుకుంటున్నాం. వైశాఖ పౌర్ణమినాడు జయంతికి తిరుమల తిరుపతి దేవస్థానం ఇక్కడా, హైవే పక్కనున్న 108 అడుగుల విగ్రహం దగ్గరా కార్యక్రమాలు జరుపుతుంది. అన్నమయ్య కీర్తనలు ఏడింటి కూర్పైన సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానంలో ఎన్నో గొంతులు ఒక్కటిగా పలుకుతాయి. ఎండ మాత్రం నిర్దయగా ఉంటుంది, నీళ్లు వెంట ఉంచుకోవాలి.

విశాలమైన ఆవరణలో వెనుకవారికి వినిపించాలని జనం మధ్యలో అదనపు పెట్టెలు నిలపడం మామూలే. నేను ఆ పెట్టెలకు కొంచెం వెనుక కూర్చున్నప్పుడు తాళం రెండుగా చీలి వినిపించింది. వేసవి సాయంత్రం గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. వేదిక 35 మీటర్ల దూరంలో ఉంటే అక్కడి గొంతు సెకనులో పదోవంతు ఆలస్యంగా వస్తుంది. తీగ గుండా వచ్చిన గొంతు మాత్రం పక్కనున్న పెట్టెలో అప్పటికే పలికేసి ఉంటుంది. పాట వేగంగా సాగే ద్రుతకాలంలో ఆ పదోవంతు చాలు మృదంగపు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడడానికి. విరామంలో మైకాయన దగ్గరికి వెళ్లి, "అన్నా, వెనక బాక్సులకు డిలే పెట్టినారా?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. "పెట్టల్యా సార్, పొద్దున తొందరలో ఇడిసిపెట్టినాం. యాడ కూచున్నారు మీరు?" అంటూ నాతోపాటు లేచి వచ్చి, ఆ చోట నిలబడి విన్నాడు. అడుగులు వేసి దూరం కొలిచి, డిజిటల్ మిక్సరులో వెనుక పెట్టెల వరుసను నూరు మిల్లీసెకన్లకు కాస్త పైగా ఆలస్యం చేశాడు. ఆ పైన పాట మళ్లీ వేదిక నుంచే వస్తున్నట్టు వినిపించింది. ముందుగా చేరిన ధ్వని వైపే మన చెవి మూలాన్ని గుర్తిస్తుందన్న సూత్రం కళ్లెదుటే నిరూపణ అయింది. ఆ మనిషి శ్రద్ధ నాకు ఆ రోజు పాటంత విలువైనదిగా తోచింది. ఇలాంటి పనివారి పేర్లు కూడా గాయకుల పేర్లతోపాటు కరపత్రంలో వేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఆయన అనుమతితోనే నా చిన్న రికార్డరును మిక్సరు బల్ల పక్కన స్టాండు మీద నిలిపాను. రికార్డింగు నాణ్యత 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్. అతిపెద్ద గొంతుకూ రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా పెట్టుకుంటే ఆకస్మికంగా వచ్చే చప్పట్లకు పాట పగలదు. ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్లలో వింటే కాకుల అరుపులు, పిల్లల మాటలతో సహా ఆ ఆవరణ మొత్తం మళ్లీ నా చుట్టూ పరుచుకుంటుంది. రాజంపేటలో బస ఓ మోస్తరు. రాత్రికి కడప చేరుకోవడమే మేలు. దారిలో ఒంటిమిట్ట కోదండరామాలయం చూసుకోవచ్చు.

గండికోట సంగతి వేరు. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. పెన్నా నది కోసిన లోయ, కోటలోని మాధవరాయ ఆలయం, జామా మసీదు ఎంత చూసినా తనివి తీరవు. కమాను కప్పున్న రాతి ధాన్యాగారంలో ఒక్క చప్పట కొట్టి వింటే శబ్దం చాలాసేపు నిలిచి మెల్లగా కరిగిపోతుంది. నిదానమైన ఆలాపనకు అది అనువైన చోటు, తాళవాద్యానికి పనికిరాదు. గండికోట ఉత్సవాలు జరిగిన సంవత్సరం వెళ్లినప్పుడు పెద్ద వేదికకు ఇరువైపులా ఒకదాని కింద ఒకటిగా వేలాడదీసిన లైన్ అరే పెట్టెలు కనిపించాయి. 1990ల తొలినాళ్లలో ఫ్రాన్సుకు చెందిన ఎల్-అకూస్టిక్స్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. దూరం రెట్టింపైనప్పుడు మామూలు పెట్టె ధ్వని 6 డెసిబెళ్లు తగ్గితే, ఈ వరుసది కొంత దూరం వరకు 3 మాత్రమే తగ్గుతుంది. అందుకే చివరి వరుసకూ మాట స్పష్టంగా చేరింది. కానీ కింద పేర్చిన బేస్ పెట్టెల మోత మితిమీరింది. 85 డెసిబెళ్లను రోజుకు 8 గంటలు భరించవచ్చనీ, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగమవుతుందనీ నిపుణులు చెప్పే లెక్కన, 100 డెసిబెళ్ల దగ్గర పావుగంటకు మించి ఉండకూడదు. చెవిలో పెట్టుకునే స్పాంజి ప్లగ్గులు పైస్థాయి ధ్వనులను ఎక్కువగా మింగి పాటను మొద్దుబారుస్తాయి కనుక, అన్ని స్థాయిలనూ సమంగా తగ్గించే ఫిల్టరు ప్లగ్గులు నాకు బాగా పనికొచ్చాయి. పర్యాటక శాఖ వారి హరిత హోటల్ కోటకు దగ్గర. లోయ అంచున గుడారాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. నేను ఉన్న చోట అర్ధరాత్రి దాటినా పక్కవారి బ్లూటూత్ స్పీకర్లు ఆగలేదు, చెప్పినా నిర్వాహకులు పట్టించుకోలేదు. అక్కడికి మళ్లీ వెళ్లను.

పులివెందుల, కదిరి మీదుగా పుట్టపర్తి చేరితే పూర్వపు అనంతపురం జిల్లాలోకి వస్తాం. ప్రశాంతి నిలయంలోని సాయి కుల్వంత్ మందిరంలో ఉదయం, సాయంత్రం భజనలు జరుగుతాయి. ధ్వని తక్కువ మోతాదులోనే ఉంటుంది కాబట్టి, ఒకరు పాడి వేలమంది అందుకునే ఆ పద్ధతిలో మన గొంతూ మన పక్కవారి గొంతూ మనకే వినిపిస్తాయి. నా చెవికి ఈ యాత్ర మొత్తంలో అతి సుఖమైన కూర్పు ఇదే. ఆశ్రమంలోని గదులు శుభ్రంగా, చవకగా ఉన్నాయి, భోజనశాలల్లో పదార్థాలు మితమైన ధరకే పెడతారు. ఫోను, రికార్డరు లోపలికి తీసుకెళ్లనివ్వరు గనుక వాటిని గదిలోనే ఉంచి, భజన మొదలుకావడానికి అరగంట ముందే లైనులో కూర్చుంటే మధ్యభాగంలో చోటు దొరికే అవకాశం ఎక్కువ.